అదర్‌ల్యాండా, స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైనా, గిబ్సనా? వర్చువల్ ప్రపంచాల సీరీస్‌లో ఏది మొదలెట్టాలి

ముందే చెప్పేస్తున్నా, ఒక్క పెద్ద సీరీస్ చదివే టైమూ ఓపికా మీకుంటే టాడ్ విలియమ్స్ రాసిన అదర్‌ల్యాండ్ తీస్కోండి, ఇంక వేరే ఆలోచన పెట్టుకోవద్దు. కానీ అందరికీ అది సెట్ అవ్వదు, ఇక్కడ బెంగళూరులో పుస్తకాలు మార్చుకుని చదివే మా తెలుగోళ్ల బ్యాచ్‌లోనే నలుగురికి నాలుగు అభిప్రాయాలు, ఒకళ్లు దాని కోసం ప్రాణం పెడతారు, ఇంకొకళ్లు వంద పేజీలు దాటకుండానే పక్కన పడేశారు. అందుకే ఎవరికి ఏది నప్పుతుందో కాస్త వివరంగా రాద్దామని కూర్చున్నా. క్లైమాక్స్‌లు బయటపెట్టను, కథలోకి దిగడానికి కావాల్సినంత వరకే చెప్తా.

ఈ కథలన్నిటికీ మూలం ఒక్కటే కదా, మనిషి ఏదో మెషీన్ తగిలించుకుని ఇంకో ప్రపంచంలోకి వెళ్తాడు, అక్కడ కోటలుంటాయి, కత్తులుంటాయి, అద్భుతాలుంటాయి. ఆ లోపలి ప్రపంచాన్ని దాదాపు అందరూ బాగానే రాస్తారు, దాన్ని బట్టి ఎంచుకుందామంటే ఏదీ తేలదు. నేను చూసేది ఇంకోటి. బయట వదిలేసి వెళ్లిన ఒళ్లు ఏమవుతోంది, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు? పరకాయ ప్రవేశం కథలు మనం చిన్నప్పట్నుంచీ వింటున్నవే, శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలోకి వెళ్లినప్పుడు శిష్యులు ఆయన శరీరాన్ని గుహలో దాచి కాపలా కాస్తారు, నాకైతే ఆ కథ విన్నప్పుడల్లా రాజభవనంలో ఏం జరిగిందన్న దానికన్నా గుహ దగ్గరున్నవాళ్ల మీదకే మనసు పోయేది, రాత్రిళ్లు ఎవరు మేలుకున్నారు, గురువు గారు తిరిగి రాకపోతే ఏం చేద్దామనుకున్నారు అని. ఆ గుహని మర్చిపోయిన సీరీస్ ఎంత గొప్పగా రాసినా నాకు పక్కోడు గేమ్ ఆడుతుంటే వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

అదర్‌ల్యాండ్ ఆ గుహని ఎక్కడా మర్చిపోదు. నేను దానికి ఓటేసేది అందుకే.

నాలుగు భాగాలు, 1996 నుంచి 2001 లోపు వచ్చాయి: సిటీ ఆఫ్ గోల్డెన్ షాడో, రివర్ ఆఫ్ బ్లూ ఫైర్, మౌంటెన్ ఆఫ్ బ్లాక్ గ్లాస్, సీ ఆఫ్ సిల్వర్ లైట్. నాలుగూ కలిపితే రెండున్నర వేల పేజీలు దాటిపోతుంది. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, ఆ మరుసటేడాదికే ఈయన పిల్లలు నెట్‌లో చిక్కుకుపోయి కళ్లు తెరవకపోవడం గురించి రాసేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కథ మొదలయ్యేది దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో. రెనీ అని ఒక లెక్చరరు, స్టూడెంట్లకి వర్చువల్ ఇంజనీరింగ్ చెప్తుంటుంది, తల్లి లేదు, తండ్రి లాంగ్ జోసెఫ్ తాగుడు మనిషి, తమ్ముడు స్టీఫెన్‌ని తనే పెంచుతోంది. ఆ తమ్ముడు నెట్‌లో వెళ్లకూడని చోటికి వెళ్లి కోమాలో పడతాడు. ఇక తమ్ముడికి ఏమైందో తేల్చుకోవడానికి ఆవిడ బయల్దేరడమే కథ.

మా వదిన ఐసీయూ నర్సు, కేఆర్ పురంలో ఉంటారు. కోమా అని ఏ పుస్తకంలో రాసినా ఆవిడ ముందు ఒక్కటే చూస్తుంది, "రెండు గంటలకోసారి పేషెంట్‌ని పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడిపోద్ది, గొట్టంలోంచి ఫీడ్ ఇవ్వాలి, కళ్లు ఎండిపోకుండా చుక్కలెయ్యాలి, ఇవేమీ లేకుండా తెల్ల దుప్పటి కప్పేసి కోమా అంటే ఎట్లా?" అని. అదర్‌ల్యాండ్ మొదటి భాగం ఇచ్చా ఆవిడకి. అందులో స్టీఫెన్ ఉన్న హాస్పిటల్‌లో వైరస్ భయంతో క్వారంటైన్ పెడతారు, అక్క ఒళ్లంతా కప్పే సూట్ వేసుకుని తమ్ముడి పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకున్నా మధ్యలో ప్లాస్టిక్కే. ఆ పేజీల దగ్గర వదిన పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుందట, "కోవిడ్‌లో ఆ కిట్ వేసుకుని వాళ్ల చేతులు పట్టుకున్నా నేను, గ్లౌజ్ లోంచి వేడి తెలీదు, ఈయనకెట్లా తెలిసింది?" అంది. 1996లో రాసిన పుస్తకం అని చెప్తే ముందు నమ్మలేదు.

రెనీ కూడా తర్వాత ఎక్కువసేపు లోపల ఉండాల్సి వస్తుంది, అప్పుడు ఆమె ఒళ్లు కొండల్లో పాడుబడ్డ మిలిటరీ బేస్‌లో ట్యాంకులో ఉంటుంది, బయట కాపలా ఎవరు? ఆ తాగుబోతు నాన్నే, ఇంకో మనిషి తోడు. మందు దొరకని చోట, భూమి కింద, కూతురి ముఖం కూడా కనబడని ట్యాంకు పక్కన ఆ ముసలాయన సణుక్కుంటూ తిరిగే చాప్టర్లు నాకు మొత్తం సీరీస్‌లో అన్నిటికన్నా నచ్చాయి, గుహ దగ్గర శిష్యుల కథ ఎవరైనా పూర్తిగా రాసుంటే ఇలాగే ఉండేదేమో అనిపించింది. ఇంకోపక్క ఓర్లాండో అని పద్నాలుగేళ్ల కుర్రాడు, ప్రొజీరియా జబ్బు, అంటే చిన్న వయసులోనే ఒళ్లు ముసలిదైపోతుంది, ఆన్‌లైన్ గేమ్‌లో మాత్రం వాడు కండలు తిరిగిన యోధుడు. వాడి పేరు చెప్తే మా బ్యాచ్‌లో ఎవరూ మామూలుగా మాట్లాడలేరు. బుష్‌మన్ జాతి కుర్రాడు క్సబ్బు ఉన్నాడు, చూపు లేని ఫ్రెంచావిడ మార్టీన్ ఉంది, ఆవిడ నెట్‌వర్క్‌ని కళ్లున్నవాళ్లు చూడని తీరులో పసిగడుతుంది, ప్రతి చాప్టర్ ముందూ చిన్న న్యూస్ ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని స్కిప్ చెయ్యకండి, బయట లోకం ఎట్లా పాడైందో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు కంప్లైంట్లు. అవి కూడా నిజాలే.

మొదటిది, లేటు. మొదటి భాగం దాదాపు మొత్తం మనుషుల్ని ఒకచోటికి చేర్చడానికే పోతుంది. నా పాత రూమ్మేట్ అయితే పాల్ జోనస్ అనే పాత్ర దగ్గరే ఆగిపోయాడు, ఆ జోనస్ మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లో మొదలై, మబ్బుల్లో కోటలోకెళ్లి, అక్కడ్నుంచి ఇంకెక్కడికో పడుతూ ఉంటాడు, ఎందుకో ఎవరూ చెప్పరు, "నాకు సైన్స్ ఫిక్షన్ అని చెప్పి ఇదేందిరా" అని రూమ్మేట్ నన్ను తిట్టాడు. రెండోది, రెండో భాగంలో లోకాలు మరీ ఎక్కువైపోతాయి, ఒకటి అయ్యేలోపు ఇంకోటి, కార్టూన్ కిచెన్ ఒకటి, పురుగులంత చిన్నవాళ్లైపోయే లోకం ఒకటి, కొన్ని అద్భుతం, కొన్ని లాగుడు. నేను ఒప్పుకుంటా, అక్కడ ఒక రెండొందల పేజీలు తీసేసినా కథకి ఏం కాదు. మూడోది, ఏ భాగానికీ విడిగా ముగింపు ఉండదు, ఇది నాలుగు ముక్కలు చేసిన ఒక్క నవల. వీక్లీల్లో సీరియల్స్ చదివి పెరిగిన మా పెద్దమ్మకి ఇది అసలు ఇబ్బందే అనిపించలేదు, అరడజను కథల్ని పక్కపక్కన నడిపి సరిగ్గా ఊపిరి బిగపట్టే చోట కట్ చేసే పద్ధతి ఆవిడకి కొట్టిన పిండి, కానీ సినిమాలా మూడు గంటల్లో తేలిపోవాలనుకునేవాళ్లకి విసుగొస్తుంది. నాలుగోది నేను గట్టిగా చెప్పాలి, డ్రెడ్ అని ఒక హంతకుడు ఉంటాడు, వాడి చాప్టర్లు క్రూరంగా ఉంటాయి, ఆడవాళ్ల మీద హింస ఉంటుంది. అలాంటివి చదివితే నిద్ర పట్టని వాళ్లు ఆలోచించుకుని దిగండి.

స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ సంగతికొస్తే, ఇది జపాన్ నవలల సీరీస్, మా తమ్ముడి బ్యాచ్ అంతా దీని మనుషులే, ఎక్కువమంది 2012లో వచ్చిన అనిమే, అంటే జపాన్ కార్టూన్ సీరీస్ చూసి పుస్తకాలకొచ్చారు. రెకీ కవహరా దీన్ని 2002లో ఒక పోటీ కోసం రాస్తే పేజీల లిమిట్ దాటిపోయిందని వెబ్‌లో పెట్టుకున్నాడు, 2009లో పుస్తకంగా వచ్చింది, ఇప్పుడు మెయిన్ సీరీసే పాతిక వాల్యూములు దాటింది, ఇంకా అవ్వలేదు. పదివేల మంది గేమ్‌లోకి లాగిన్ అవుతారు, లాగౌట్ బటన్ ఉండదు, లోపల చస్తే తలకి పెట్టుకున్న నెర్వ్‌గేర్ బయట నిజంగానే చంపేస్తుంది, వంద అంతస్తులు గెలిస్తేనే విడుదల. ఇంతకన్నా సూటిగా కథ మొదలెట్టడం కష్టం. ఒక్కో పుస్తకం సన్నగా ఉంటుంది, ఇంగ్లీష్ ట్రాన్స్‌లేషన్ తేలికే, ఇంగ్లీష్ నవలలు అలవాటు లేని వాళ్లకి నేను ముందు ఇదే ఇస్తా.

ఒళ్లు విషయంలో దీనికి సగం మార్కులు. లోపల రెండేళ్లు గడిచే కథలో హాస్పిటల్ బెడ్ల మీద ఉన్నవాళ్లు మనకి దాదాపు కనపడరు. కానీ మొదటి పుస్తకం చివర్లో హీరో కళ్లు తెరిచాక, ఎముకల గూడులా అయిపోయిన చేతులు చూసుకుని, సెలైన్ స్టాండ్ పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ నడిచే చోటుంది చూడండి, ఆ కాస్తలో కవహరా ఆ రెండేళ్ల బాకీ కొంత తీర్చేశాడు. ఏడో వాల్యూమ్ మదర్స్ రొజారియో అయితే పూర్తిగా దీని గురించే, లోపల ఎవ్వరూ ఓడించలేని ఒక కత్తి యోధురాలు, బయట ఆ అమ్మాయి ఒళ్లు ఎక్కడ, ఎలా ఉందో తెలిసే చాప్టర్ దగ్గర మా తమ్ముడు, మామూలుగా ఏడుపు రాని మనిషి, మెట్రోలో దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడు. వదినకి కూడా ఆ ఒక్క వాల్యూమ్ విడిగా ఇచ్చా, నచ్చింది.

ఇబ్బంది ఏంటంటే అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. గేమ్‌లో చిక్కుకున్న అసలు కథ మొదటి పుస్తకంలోనే అయిపోతుంది, పరిగెత్తించేశాడు, అంతస్తులు చాలావరకు ఎగిరిపోతాయి. అది నచ్చకే చాలామంది ప్రోగ్రెసివ్ అని విడిగా వస్తున్నది చదువుతారు, అందులో కింది అంతస్తు నుంచి నిదానంగా చెప్పుకొస్తున్నాడు, కానీ పైదాకా ఎప్పటికి చేరుతుందో ఆశ పెట్టుకోకండి. మూడు నాలుగు వాల్యూములు, అంటే ఫెయిరీ డాన్స్, నాకు అస్సలు నచ్చలేదు, మొదటి పుస్తకంలో అంత ధైర్యంగా పోరాడిన హీరోయిన్ ఆసునాని తీసుకెళ్లి పంజరంలో పెట్టేశాడు, పైగా ఆ విలన్ ఆమెని వేధించే సీన్లు చదవడం బాధగా ఉంటుంది. తొమ్మిది నుంచి పద్దెనిమిది దాకా అలిసైజేషన్, ఇక్కడ మాత్రం మనిషి ఆలోచన నిజంగా లోతుకెళ్తుంది, లోపల పుట్టి పెరిగిన కృత్రిమ మనుషులకి ప్రాణం ఉన్నట్టా లేనట్టా, వాళ్లని యుద్ధానికి వాడుకోవచ్చా అని. లోపల ఏళ్లు, బయట రోజులు. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథ విన్నవాళ్లకి ఇది కొత్త కాదు, ఇంద్రజాలికుడు నెమలి ఈకల కట్ట తిప్పగానే సభలో కాసేపు బొమ్మలా కూర్చుండిపోయిన రాజు ఆ కాసేపట్లోనే అడవిలో పెళ్లీ పిల్లలూ కరువూ ముసలితనం అన్నీ చూసొస్తాడు. తేడా ఏంటంటే లవణుడు లేచాక ఆ మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్తాడు, అలిసైజేషన్ కూడా సరిగ్గా ఆ వెతుకులాట దగ్గరే బలంగా ఉంటుంది, వాళ్లు నిజమనుకున్నవాడికి వాళ్ల పట్ల బాధ్యత కూడా ఉంటుంది కదా. ఇందులో కూడా ఒకచోట అమ్మాయిల మీద దాడి సీన్ ఉంది, చిన్నపిల్లల చేతికి ఇచ్చే ముందు మీరు చదవండి.

తమ్ముడు నాతో ఎప్పుడూ ఒకే వాదన, "అక్కడ వాళ్లు రెండున్నర వేల పేజీల్లో చెప్పింది ఇక్కడ ఏడో వాల్యూమ్ ఒక్కదాంట్లో చెప్పేశాడు కదా" అంటాడు. ఏడో వాల్యూమ్‌లోని ఆ కత్తి యోధురాలు యూకీ ఒక్కదాని విషయంలో వాడి మాట నిజమే. కానీ ఓర్లాండోతో మనం నాలుగు పుస్తకాలు నడుస్తాం, వాడి అమ్మానాన్నలతో కూడా నడుస్తాం, బయట గదిలో కూర్చున్న ఆ ఇద్దరి బాధ చిన్న పుస్తకంలో పట్టదు. పేజీలు ఎందుకన్నదానికి నా జవాబు అదే.

ఇక విలియం గిబ్సన్. న్యూరోమాన్సర్ 1984, కౌంట్ జీరో 1986, మోనా లిసా ఓవర్‌డ్రైవ్ 1988, మూడూ కలిపినా అదర్‌ల్యాండ్ ఒక్క భాగమంత ఉంటాయేమో. సైబర్‌స్పేస్ అనే మాటని లోకంలోకి తెచ్చింది ఈయనే, మొదటి పుస్తకానికి హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ వచ్చాయి. మా ఆఫీసులో సెక్యూరిటీ టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు, విజయవాడాయన, ఆయనకి ఇది తప్ప ఇంకోటి సైన్స్ ఫిక్షనే కాదు. "కేస్ కళ్లతో చూస్తే నువ్వు నేను పొద్దున్న లాగిన్ అయ్యి రాత్రి దాకా ఒంటిని ఎట్లా మర్చిపోతున్నామో అర్థమవుతుంది" అంటాడు, నిజమే, న్యూరోమాన్సర్ హీరో, హ్యాకర్ అయిన ఆ కేస్‌కి ఒళ్లంటే ఉత్త మాంసం, లోపలికి వెళ్లలేకపోతే అదే జైలు. అంటే గుహని మర్చిపోవడం కాదు, గుహని చీదరించుకునే మనిషి గురించి రాయడం, ఆ లెక్కన నా పరీక్షలో గిబ్సన్ కూడా పాసే. కానీ ఆ ఇంగ్లీష్ కష్టం. ఏదీ వివరించడు, వీధి భాష, బ్రాండ్ల పేర్లు, మెషీన్ల పేర్లు కుప్పగా పోస్తాడు, మొదటి యాభై పేజీలు అర్థం కాకపోయినా ఆగకుండా పోవాలి. కవిత్వం ఇష్టమున్నవాళ్లకి తప్పకుండా పడుతుంది. కుటుంబం, ఆప్యాయత, ఏడుపు కావాలనుకునేవాళ్లకి వద్దు.

రెడీ ప్లేయర్ వన్ గురించి ఎక్కువ చెప్పను. ఎర్నెస్ట్ క్లైన్ 2011లో రాశాడు, 2018లో స్పీల్‌బర్గ్ సినిమా, 2020లో రెండో భాగం. స్పీడుగా పోతుంది, కానీ సరదా అంతా అమెరికాలో 1980ల నాటి గేమ్‌లు, సినిమాలు, పాటల మీద కట్టాడు, మనం ఆ టైమ్‌లో దూరదర్శన్ చూసుకుంటూ పెరిగినవాళ్లం, ఆ పేర్లు వినగానే గుండె పొంగదు. హీరో గదిలోంచి కదలక బరువు పెరిగిపోవడం, వ్యాయామం చేస్తేనే లాగిన్ అవ్వనిచ్చేలా తనకి తనే రూల్ పెట్టుకోవడం, ఆ చాప్టర్ మాత్రం బాగుంటుంది. రెండో భాగంలో రోజుకి పన్నెండు గంటలు దాటితే మెదడు పాడవుతుందని లిమిట్ పెట్టాడు, మంచి ఐడియా, దాన్ని పరుగుపందెంలో గడియారంలా వాడి వదిలేశాడు. స్నో క్రాష్ 1992ది, సీరీస్ కాదు, మెటావర్స్ అన్న మాట అక్కడ్నుంచే వచ్చింది కాబట్టి ఆసక్తి ఉంటే చదవండి. త్రీ బాడీ ప్రాబ్లమ్‌లో వీఆర్ గేమ్ ఉందని విని దాన్ని ఈ లిస్ట్‌లో కలుపుతుంటారు, ఆ గేమ్ ప్రధానంగా మొదటి పుస్తకానికి సంబంధించిందే, సీరీస్ పోయేది పూర్తిగా వేరే దారిలో.

కొనే సంగతి. చర్చ్ స్ట్రీట్‌లో బ్లోసమ్, బుక్‌వర్మ్ రెండూ ఎంజీ రోడ్ మెట్రో దిగితే నడిచే దూరం, సెకండ్ హ్యాండ్‌లో అదర్‌ల్యాండ్ అప్పుడప్పుడు దొరుకుతుంది, కానీ వరసగా దొరకదు, మూడోది ఒక్కటే కనబడి చవకగా ఉందని కొని మొదలెట్టారంటే ఒక్క ముక్క అర్థం కాదు. మొదటిది చేతికొచ్చాకే మిగతావాటి వేట మొదలెట్టండి. ఇంకోటి, ఈ పుస్తకాలు ఇటుకల్లా ఉంటాయి, పర్పుల్ లైన్‌లో పొద్దున్న ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని ఇంకో చేత్తో దీన్ని తెరిచి పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది, పాత పేపర్‌బ్యాక్ అయితే నడుం విరిగి మధ్య పేజీలు ఊడొచ్చేస్తాయి. మెట్రోలో, క్యాబ్‌లో చదివేవాళ్లు కిండిల్‌లో తీసుకోవడమే మంచిది, అరడజను కథల్లో ఎవడు ఎవడో మర్చిపోయినప్పుడు పేరు కొట్టి వెతుక్కోవచ్చు కూడా. ఆడియో నేను రికమెండ్ చెయ్యను, సిల్క్ బోర్డ్ దగ్గర హారన్ల మధ్య రెండు వాక్యాలు మిస్సయితే మనిషి ఈజిప్టు నుంచి ట్రాయ్‌కి ఎప్పుడొచ్చాడో తెలీదు. స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ అయితే పేపర్‌బ్యాక్ బ్యాగ్ ముందు జేబులో పట్టేస్తుంది, వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చేవాళ్లకి రానూపోనూ ప్రయాణానికి సరిగ్గా సరిపోయే సైజు.

ఎటూ తేల్చుకోలేకపోతే ఇట్లా చెయ్యండి. స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ మొదటి వాల్యూమ్ ఒక వీకెండ్‌లో చదివేయండి. చదివాక మీకు గుర్తుండిపోయింది ఆ అంతస్తులు, బాస్ ఫైట్లు, కత్తులేనా, అయితే అందులోనే ముందుకెళ్లండి, మూడు నాలుగు వేగంగా దాటేసి, ఏడు నిదానంగా చదివి, తొమ్మిది నుంచి అలిసైజేషన్ పట్టుకోండి. అలాకాకుండా చివర్లో సెలైన్ స్టాండ్ పట్టుకుని నడిచిన ఆ కాసేపే మీకు ఎక్కువ గుర్తుంటే అదర్‌ల్యాండ్ మీదే, మొదటి భాగానికి మూడొందల పేజీల గడువు ఇవ్వండి, పాల్ జోనస్ చాప్టర్లు అర్థం కాకపోతే కంగారు పడకండి, అవి అప్పుడే అర్థం కావు, రెనీ వెనకాల పోతూ ఉండండి. మూడో భాగం సగంలో ఉండగానే నాలుగోది తెచ్చి ఇంట్లో పెట్టుకోండి, మూడోది ఆగే చోట ఆగి పుస్తకం కోసం వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.